పెద్ద ఏబీసీడీలా, చిన్న ఏబీసీడీలా: ల్యాబ్ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్లలో ఈమెయిల్ అడ్రస్‌లు సరిచేసిన కేసు

డయాగ్నస్టిక్ ల్యాబ్‌ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీ తన డాక్యుమెంట్లన్నీ సరిచేసి ఇమ్మని మాకు అప్పగించింది. మాది మాదాపూర్‌లో టెక్నికల్ రైటింగ్ పని. వాళ్ల సాఫ్ట్‌వేర్ కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా చాలా చిన్న ల్యాబ్‌లలో నడుస్తోంది. రిసెప్షన్‌లో పేషెంట్ వివరాలు ఎక్కిస్తారు, శాంపిల్ తీసుకుంటారు, సాయంత్రానికి రిపోర్ట్ ఈమెయిల్‌లో వెళ్తుంది. పాత రిపోర్టులు చూసుకోవాలంటే అదే ఈమెయిల్‌తో పోర్టల్‌లో లాగిన్ అవ్వాలి.

మా చేతికి వచ్చినవి రిసెప్షన్ సిబ్బందికి ఇచ్చే ఇంగ్లీషు మాన్యువల్, పేషెంట్లకు పంచే తెలుగు కరపత్రం, ల్యాబ్ యజమానికి అడ్మిన్ గైడ్, బయటి డెవలపర్లకు ఏపీఐ (వేరే సాఫ్ట్‌వేర్‌ను దీనితో కలిపే పద్ధతి) డాక్యుమెంట్, ఇంకా పేషెంట్ నింపే కాగితం ఫారం. రివ్యూ షీట్‌లో ఎక్కడో కింద ఒక లైను ఉంది: ఈమెయిల్ అడ్రస్‌లు కొన్నిచోట్ల క్యాపిటల్స్‌లో, కొన్నిచోట్ల స్మాల్ లెటర్స్‌లో ఉన్నాయి, ఒకేలా చేయగలరు.

టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, "సార్, ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేస్తే అయిపోతుంది కదా" అంది. పని అలాగే కనబడుతుంది. కానీ అడ్రస్ అనేది మామూలు పదం కాదు. చదివేవాడు దాన్ని చూసి ఊరుకోడు. టైప్ చేస్తాడు, కాపీ చేస్తాడు, ఫోన్‌లో ఎవరికో చదివి వినిపిస్తాడు. అందుకే ముందు ఏ అడ్రస్ ఎక్కడి నుంచి వచ్చి ఆ రూపంలో కూర్చుందో వెతకమన్నాను. ఈ కేసులో తెలుసుకోదగ్గ విషయమంతా ఆ వెతుకులాటలోనే బయటపడింది.

క్యాపిటల్స్ ఎలా వచ్చి చేరాయి

అడ్మిన్ గైడ్‌లో సపోర్ట్ అడ్రస్ పేరాల్లో అన్నీ చిన్న అక్షరాలతోనే ఉంది. అదే అడ్రస్ టేబుల్‌లోకి వచ్చేసరికి మొదటి 'ఎస్' పెద్దదైపోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు. వర్డ్‌లో టేబుల్ సెల్ మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఆటోకరెక్ట్ ఆప్షన్ ఒకటి ఉంటుంది, వాక్యం మొదటి అక్షరానికి ఇంకొకటి ఉంటుంది. రాసినవాళ్లు గమనించలేదు, రివ్యూ చేసినవాళ్లు పట్టించుకోలేదు.

తెలుగు కరపత్రం సంగతి వేరు. అది చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌లో తయారైంది. అక్కడ తెలుగుకి యూనికోడ్ కాని పాత ఫాంట్లు వాడారు. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. పేరా మొత్తం సెలెక్ట్ చేసి తెలుగు ఫాంట్ పెడితే, మధ్యలో ఉన్న ఈమెయిల్ అడ్రస్ కూడా తలకట్లు, గుడులు, వత్తుల కలగాపులగంగా మారిపోతుంది. ఆ గొడవ లేకుండా డీటీపీ చేసినతను అడ్రస్‌ని విడిగా ఒక డబ్బాలో పెట్టి, బాగా కనబడాలని లావుపాటి ఇంగ్లీషు ఫాంట్‌లో మొత్తం క్యాపిటల్స్ చేశాడు. అతని లెక్కలో అది సరైన పనే. తెలుగు లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడానే లేదు కాబట్టి, తెలుగు పేజీ దిద్దే కంటికి ఆ తేడా తప్పుగా తగలదు.

ఏపీఐ డాక్యుమెంట్‌లో ఇంకో రకం. ఉద్యోగుల అడ్రస్‌లలో పేరు మొదటి అక్షరం, ఇంటిపేరు మొదటి అక్షరం పెద్దవి. కంపెనీ హెచ్‌ఆర్ సిస్టమ్ కొత్త ఉద్యోగికి అడ్రస్ పుట్టించేటప్పుడే అలా పుట్టిస్తోంది. డాక్యుమెంట్ రాసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు ఎత్తి పెట్టారు.

కాగితం ఫారం పైన "బ్లాక్ లెటర్స్‌లో నింపండి" అని పెద్ద అక్షరాలతో ఉంది. మన దేశంలో బ్యాంకు ఫారం నింపిన ఎవరికైనా అలవాటైన మాటే. పేషెంట్లు పేరుతో పాటు ఈమెయిల్ కూడా బ్లాక్ లెటర్స్‌లోనే రాస్తున్నారు. అసలు సమస్య అక్కడ మొదలైంది.

హెల్ప్‌డెస్క్‌లో విన్నది

డాక్యుమెంట్ పని ఒప్పుకున్నప్పుడల్లా హెల్ప్‌డెస్క్ పక్కన కొంతసేపు కూర్చుంటాం. పాఠకుడు ఎక్కడ తడబడుతున్నాడో అంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు. ఒక కాల్ ఇలా సాగింది.

"మేడం, మా నాయన పాత రిపోర్టులు కనవడ్తలేవు. మొన్నటి ఒక్కటే చూపిస్తున్నది."

"ఈమెయిల్ ఎలా కొట్టారండీ, క్యాపిటల్స్‌లోనా, స్మాల్‌లోనా?"

"స్మాల్‌ల కొట్టిన. ఫారంల మాత్రం క్యాపిటల్స్ రాయమన్నరు, అట్లనే రాసినం."

ఆ పెద్దాయనకు సిస్టమ్‌లో రెండు ఖాతాలున్నాయి. మొదటిసారి వెళ్లిన బ్రాంచ్‌లో రిసెప్షనిస్ట్ ఫారంలో ఉన్నట్టే అన్నీ క్యాపిటల్స్‌లో ఎక్కించింది. తర్వాత ఇంకో బ్రాంచ్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు అలవాటు కొద్దీ చిన్న అక్షరాలతో ఎక్కించాడు. మెయిల్ మాత్రం రెండుసార్లూ ఇంటికి చేరింది. పోర్టల్‌లో రిపోర్టులు రెండు ఖాతాల మధ్య చీలిపోయాయి. డాక్టర్‌కి కావాల్సింది పాత క్రియాటినిన్, కొత్త క్రియాటినిన్ పక్కపక్కన. అది ఒక్క తెరమీద కనబడటం లేదు. కిడ్నీ ఎలా ఉందో డాక్టర్ చూసేది ఆ తేడాలోనే. అక్షరం సైజు గొడవ కాస్తా అక్కడ వైద్యం గొడవ అయింది. రివ్యూ షీట్‌లో కింద పడి ఉన్న ఆ లైనుకు ఇంత బరువుందని రాసినవాళ్లకు తెలిసి ఉండదు.

ప్రమాణం ఏమంటుంది

ఈమెయిల్ అడ్రస్‌లో @ గుర్తుకు ముందున్న భాగానికీ తర్వాతున్న భాగానికీ నియమాలు వేరు. వెనక భాగం, అంటే డొమైన్, ఇంటర్నెట్‌లో పేర్లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ లెక్క ప్రకారం నడుస్తుంది. అక్కడ పెద్దా చిన్నా తేడా లేదు, ఎలా రాసినా ఒకటే. ముందు భాగం అలా కాదు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ నియమాల పత్రాలు) నాటికే కొన్ని కంప్యూటర్లలో యూజర్ పేరులో పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ తేడా ఉండేది. అందుకే ముందు భాగాన్ని ఎలా ఇస్తే అలాగే మోసుకెళ్లాలని అందులో చెప్పారు. ఆ తర్వాత 2008 అక్టోబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5321 కూడా ఆ మాట మీదే నిలబడింది: ముందు భాగంలో తేడా ఉన్నట్టే చూడాలి, దారిలో ఎవరూ మార్చకూడదు. అయితే ఆ తేడా మీద ఆధారపడి మెయిల్‌బాక్స్‌లు పెట్టడం మంచిది కాదని కూడా అదే ప్రమాణం చెబుతుంది. పోస్ట్‌మాస్టర్ అనే అడ్రస్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు, దాన్ని ఏ రూపంలో రాసినా తీసుకోవాలి. సపోర్ట్, అబ్యూజ్ లాంటి ఉమ్మడి పేర్ల గురించి 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2142 కూడా పెద్దా చిన్నా చూడొద్దంటుంది.

వాడుకలో సంగతి ఇంకా సులువు. జీమెయిల్ ఈ తేడా పట్టించుకోదు. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ తన దగ్గరి లోకల్ మెయిల్‌బాక్స్‌కు చేర్చేటప్పుడు పేరును చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటుంది. అలాంటిదే ఇంకొకటైన ఎగ్జిమ్‌లో తేడా కావాలంటే ప్రత్యేకంగా ఆ సెట్టింగ్ పెట్టుకోవాలి. కాబట్టి ఎవరైనా నన్ను "క్యాపిటల్స్‌లో రాస్తే మెయిల్ వెళ్లదా?" అని అడిగితే, దాదాపు ఎప్పుడూ వెళ్తుందనే చెబుతాను.

కానీ చాలామంది అక్కడే ఆగిపోతారు. మెయిల్ వెళ్లడం ఒకటి, అదే అడ్రస్‌ను లాగిన్ ఐడీగా వాడుకోవడం ఇంకొకటి. మెయిల్ సర్వర్ పెద్ద మనసుతో తీసుకున్న అడ్రస్‌నే అప్లికేషన్ డేటాబేస్ అక్షరం అక్షరం పోల్చి చూడొచ్చు. ఈ కంపెనీలో టెస్టింగ్ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద జరిగింది. దాని డిఫాల్ట్ కొలేషన్‌లు (అక్షరాలను పోల్చే నియమాలు) పెద్దా చిన్నా తేడా చూడవు. లైవ్ సిస్టమ్ పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ మీద ఉంది, అక్కడ మామూలు టెక్స్ట్ కాలమ్ తేడా చూస్తుంది. టెస్టర్లకు ఒక్క ఖాతాగా కనబడింది ఆ పెద్దాయనకి రెండుగా మారడానికి కారణం ఇదే.

డాక్యుమెంట్లు ఈ రెండు పాత్రలనూ ఒకే మాటతో, "మీ ఈమెయిల్" అని సరిపెట్టాయి. ఏ పేజీలోనూ ఎలా టైప్ చేయాలో లేదు.

మేం తీసుకున్న నిర్ణయం

కంపెనీ సొంత అడ్రస్‌లన్నీ, డొమైన్‌తో సహా, అన్ని డాక్యుమెంట్లలోనూ చిన్న అక్షరాలే. వాక్యం మొదట్లో వచ్చినా, టేబుల్‌లో వచ్చినా, కరపత్రం హెడ్డింగ్‌లో వచ్చినా అంతే. డొమైన్‌లో క్యాపిటల్స్ పెడితే నష్టం లేదు కదా, అక్కడైనా వదిలేద్దామని ఒకరు అన్నారు. సగం అడ్రస్‌కి ఒక రూలు, సగానికి ఇంకో రూలు పెడితే రాసేవాళ్లు గుర్తుపెట్టుకోలేరు. చదివేవాళ్లకు అది రూలని కూడా తెలియదు.

అయితే డాక్యుమెంట్‌లో చిన్న అక్షరాలు రాసి, అసలు మెయిల్‌బాక్స్ ఇంకోలా ఉంటే అది అబద్ధం రాసినట్టే. అందుకే ముందు హెచ్‌ఆర్ సిస్టమ్‌లో అడ్రస్‌లు పుట్టే చోటే చిన్న అక్షరాలు ఉండేలా మార్పించాం. ఆ తర్వాతే డాక్యుమెంట్లు దిద్దాం. ఈ వరస నాకు చాలా ముఖ్యం. రాతగాళ్లు సిస్టమ్‌ను అడగకుండా అందంగా దిద్దితే, తర్వాత హెల్ప్‌డెస్క్ వాళ్లు దాని ఫలితం మోస్తారు.

వేరేవాళ్ల అడ్రస్ రాయాల్సి వస్తే మాత్రం, వాళ్లు ఎలా ఇచ్చారో అలాగే. మన చేతిలో లేని సర్వర్ ఏం చేస్తుందో మనం తేల్చలేం. డిజిటల్ సర్టిఫికెట్ల పేజీలో కూడా ఇదే జాగ్రత్త. ఆర్‌ఎఫ్‌సీ 5280 ప్రకారం సర్టిఫికెట్‌లోని ఈమెయిల్ ముందు భాగాన్ని అచ్చంగా పోల్చాలి. అక్కడ మన స్టైల్ కోసం అక్షరం మార్చకూడదు.

మార్కెటింగ్ మేనేజర్ గారికి ఇది నచ్చలేదు. కరపత్రంలో అడ్రస్ మూడు పదాలు కలిపిన పొడుగు మాట. "ప్రతి పదం మొదటి అక్షరం పెద్దదైతేనే కళ్లకు ఆనుతుందండీ, లేకపోతే ఎవరు చదువుతారు?" అన్నారు. ఆవిడ చెప్పినదాంట్లో నిజముంది. గ్యాప్ లేకుండా కలిపిన మూడు పదాలను విడదీసి చదవడం ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే కష్టం. కానీ నలభై దాటిన పేషెంట్ ఒకరు ఫోన్ కీబోర్డ్ మీద ఒక అక్షరం పెద్దది, ఐదు చిన్నవి, మళ్లీ పెద్దది అంటూ షిఫ్ట్ వెతుక్కోవడం ఇంకా కష్టం. పైగా అలా కొట్టకపోతే మెయిల్ పోదేమోనన్న టెన్షన్. అడ్రస్ చదవలేనంత పొడుగుంటే దాన్ని క్యాపిటల్స్‌తో అలంకరించడం కాదు, అడ్రస్‌నే పొట్టిగా మార్చాలన్నాం. ఐటీ వాళ్లు 'రిపోర్ట్స్' అన్న ఒక్క పదంతో ఏలియాస్ (అదే మెయిల్‌బాక్స్‌కు ఇంకో పేరు) పెట్టారు, పాతది కూడా పనిచేస్తూనే ఉంది. మేనేజర్ గారు ఒప్పుకున్నారు.

చిన్న అక్షరాలు అన్ని సమస్యలూ తీర్చవని కూడా ఒప్పుకోవాలి. 'బిల్లింగ్' అన్న అడ్రస్‌ను చిన్న అక్షరాలతో ఏరియల్ ఫాంట్‌లో అచ్చు వేస్తే, మధ్యలో రెండు 'ఎల్'లు రెండు నిలువు గీతల్లా ఉంటాయి. అవి స్మాల్ ఎల్, క్యాపిటల్ ఐ, రెండింట్లో ఏదైనా కావచ్చు. అందుకే అడ్రస్‌లకు కాన్సొలాస్, కరపత్రంలో వెర్డానా పెట్టాం. వెర్డానాలో క్యాపిటల్ ఐకి పైనా కిందా అడ్డగీతలుంటాయి, ఒకటి అంకెకు అడుగున గీత ఉంటుంది. ఒక అడ్రస్‌లో అండర్‌స్కోర్ ఉంటే, లింక్ కింద గీత పడగానే అది మాయమైంది. చదివినవాళ్లకు అక్కడ ఖాళీ ఉన్నట్టు కనబడుతుంది. అచ్చు కాపీల్లో లింక్ గీత తీసేశాం.

తెలుగు వాక్యంలో ఇరికిన అడ్రస్

ఈ భాగం గురించి ఇంగ్లీషు స్టైల్ గైడ్లు ఏమీ చెప్పవు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంగ్లీషు వాక్యం తరచూ అడ్రస్‌తో ముగుస్తుంది, కాబట్టి చివర పెట్టిన ఫుల్‌స్టాప్ అడ్రస్‌లో భాగమా కాదా అన్నది వాళ్ల బాధ. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, ఆ బాధ తక్కువ. మన ఇబ్బంది విభక్తి దగ్గర. "సపోర్ట్ @ ఎగ్జాంపుల్ డాట్ కామ్‌కు రాయండి" అన్నప్పుడు 'కు' వెళ్లి అడ్రస్ తోకకు అంటుకుంటుంది. పేషెంట్ ఫోన్‌లో దాన్ని నొక్కిపట్టి కాపీ చేస్తే 'కు' కూడా వచ్చేస్తుంది. 'కు' చెరిపేసినా, దానికి ముందు కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే క్యారెక్టర్ మిగిలిపోయే అవకాశం ఉంది. అప్పుడు అడ్రస్ చూడటానికి సరిగ్గానే ఉంటుంది, మెయిల్ మాత్రం వెళ్లదు. అలాంటిది హెల్ప్‌డెస్క్‌లో ఎవరికీ అంతుపట్టదు.

మేం పెట్టుకున్న పద్ధతి ఇది. అడ్రస్‌కు విభక్తి అంటించకూడదు. అడ్రస్ తర్వాత ఖాళీ వదిలి "అనే అడ్రస్‌కు" అని రాయాలి. వీలైతే "ఈ కింది అడ్రస్‌కు మెయిల్ పంపండి" అని వాక్యం పూర్తిచేసి, అడ్రస్‌ను విడిగా ఒక లైనులో ఒంటరిగా పెట్టాలి. అప్పుడు లైను విరిగి మధ్యలో హైఫన్ పడే ప్రమాదం కూడా తప్పుతుంది. కరపత్రం మొత్తాన్ని యూనికోడ్‌లోకి మార్చాం కాబట్టి డీటీపీలో ఫాంట్ గొడవ కూడా పోయింది.

ఉదాహరణ అడ్రస్‌ల విషయం త్వరగా తేలింది. పాత మాన్యువల్‌లో ఎవరిదో నిజమైన డొమైన్‌లా ఉన్న పేరు వాడారు. ఎగ్జాంపుల్ డాట్ కామ్‌ను ఇలాంటి ఉదాహరణల కోసమే 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2606 పక్కన పెట్టింది. అన్నీ దానికి మార్చేశాం.

ఫారం, డేటాబేస్

ఫారంలో బ్లాక్ లెటర్స్ తీసేయమని మొదట అందరూ అన్నారు. నేను వద్దన్నాను. చేతిరాతలో చిన్న అక్షరాలు గొలుసుకట్టుగా కలిసిపోతాయి, క్యాపిటల్స్ విడివిడిగా ఉంటాయి కాబట్టి రిసెప్షనిస్ట్‌కి చదవడం తేలిక. క్యాపిటల్ 'ఓ'కీ సున్నాకీ, 'ఎస్'కీ ఐదుకీ, 'జెడ్'కీ రెండుకీ వచ్చే తికమక మాత్రం ఉంటుంది. మనవాళ్ల అడ్రస్‌లలో పేరు పక్కన అంకెలు మామూలే కాబట్టి, ఆ తికమకను తీసిపారేయలేం. అందుకే ఫారంలో ఎలా రాసినా పర్వాలేదనుకుని, రిసెప్షన్ మాన్యువల్‌లో మాత్రం ఒక స్టెప్ చేర్చాం. అడ్రస్‌ను చిన్న అక్షరాలతో ఎక్కించి, స్క్రీన్ చూసి పేషెంట్‌కు చదివి వినిపించాలి: "అన్నీ చిన్న ఏబీసీడీలే అండీ, మధ్యలో గ్యాప్ లేదు, చివర ఉన్నది సున్నానా, ఓనా?" హెల్ప్‌డెస్క్ వాళ్లకు కూడా అదే మాట ఇచ్చాం.

డెవలపర్లతో కూర్చున్నప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. ఉన్న అడ్రస్‌లన్నీ డేటాబేస్‌లోనే చిన్న అక్షరాల్లోకి మార్చేస్తే? ఇచ్చిన రూపం చెడిపోతుంది. వాళ్లు చివరికి రెండూ ఉంచారు. పేషెంట్ ఇచ్చిన రూపం మెయిల్ పంపడానికి, చిన్న అక్షరాల రూపం పోల్చడానికి. ఆ మార్పిడి సర్వర్ భాష సెట్టింగ్ మీద ఆధారపడకూడదని కూడా రాసుకున్నారు. టర్కిష్ సెట్టింగ్‌లో క్యాపిటల్ ఐని చిన్నది చేస్తే చుక్క లేని ఐ వస్తుంది, దాంతో అడ్రసే మారిపోతుంది.

పాత జంట ఖాతాలను కలిపేసే దగ్గర మాత్రం మేం గట్టిగా అడ్డుపడ్డాం. మన ఇళ్లలో ఒక్క ఈమెయిల్‌తో తండ్రి, తల్లి, పిల్లలు అందరి రిపోర్టులూ నడుస్తాయి. అడ్రస్ ఒకటే కదా అని ఖాతాలు కలిపితే తల్లి షుగర్ రిపోర్ట్ కొడుకు పేరు కింద పడుతుంది. కలపాలంటే పుట్టినతేదీ, మొబైల్ నంబర్ కూడా సరిపోవాలి, ఆపైన పేషెంట్‌కు ఫోన్ చేసి అడగాలి. అడ్మిన్ గైడ్‌లో ఈ భాగాన్ని స్క్రీన్‌షాట్లతో అన్నిటికంటే పొడుగ్గా రాశాం. ల్యాబ్ యజమాని తొందరపడి ఒక బటన్ నొక్కే చోటు అదే.

ఇప్పుడు ఎలా ఉంది

రెండు ఖాతాల గురించి కొత్త ఫిర్యాదులు బాగా తగ్గాయని హెల్ప్‌డెస్క్ చెప్పింది. అందులో ఎక్కువ వాటా డెవలపర్లు చేసిన మార్పుదే. డాక్యుమెంట్ల వాటా ఎక్కడ కనబడిందంటే, "క్యాపిటలా, స్మాలా" అని అడిగే కాల్స్‌లో. లాగిన్ పేజీ దగ్గర ఇప్పుడు ఒక్క లైను ఉంది: పెద్ద అక్షరాలతో కొట్టినా, చిన్న అక్షరాలతో కొట్టినా మీ ఖాతా తెరుచుకుంటుంది. కొత్త టెస్ట్ కేసుల్లో క్యాపిటల్స్ కలిపిన అడ్రస్ ఒకటి కావాలనే పెట్టించాం, ఈ మాట ఎప్పుడూ నిజంగానే ఉండాలి కాబట్టి.

పాత కరపత్రాలు ల్యాబ్ కౌంటర్ల మీద ఇంకా కట్టలుగా ఉన్నాయి. వాటిని వెనక్కి తెప్పించమని మేం అడగలేదు, అందులోని అడ్రస్ ఎలా కొట్టినా మెయిల్ చేరుతోంది. కొత్త అచ్చు వేసినప్పుడు డీటీపీ సెంటర్‌కి స్టైల్ షీట్‌తో పాటు అడ్రస్‌ల టెక్స్ట్ ఫైల్ విడిగా పంపుతున్నాం. టైప్ చేయొద్దు, అందులోంచి కాపీ చేసుకోండి అని. ఏపీఐ డాక్యుమెంట్‌లో ఒక హెచ్చరిక మాత్రం మిగిలింది. బయటి డెవలపర్లు తమ సిస్టమ్‌లో అడ్రస్‌లు ఎలా పోల్చుకుంటారో మన చేతిలో లేదు కాబట్టి, పేషెంట్‌ను గుర్తించడానికి ఈమెయిల్ వాడొద్దని, పేషెంట్ ఐడీ వాడమని ఆ పేజీలో మొదటి లైనులోనే రాశాం.